బోనస్ తెచ్చినోడు, కూర్చున్నోణ్ణి లేపినోడు

కబడ్డీ స్కోరు బోర్డు మీద పాయింట్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. రైడర్ (కూతకు పోయేవాడు) బోనస్ లైన్ దాటి వెనక్కొచ్చినా ఒక పాయింటే, డిఫెండర్‌ని తాకి వచ్చినా ఒక పాయింటే. అవుటై సిట్టింగ్ బ్లాక్‌లో కూర్చున్న పిల్లోడికి మాత్రం ఆ రెండూ ఒకటి కావు. తాకి తెచ్చిన పాయింటుకు వాడు లేచి లోపలికొస్తాడు. బోనస్‌కు లేవడు. బోనస్ పాయింటుకు రివైవల్, అంటే అవుటైనవాడు తిరిగి లోపలికి రావడం, లేదు. లోపల ముగ్గురో అంతకంటే తక్కువో ఉండి రైడర్‌ని పట్టేస్తే, అంటే సూపర్ ట్యాకిల్‌లో, వచ్చే అదనపు పాయింటుకూ అంతే.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో అండర్-14, అండర్-17 జట్లు తయారుచేసే పీఈటీ సార్ల దగ్గరా, సాయంత్రం గ్రౌండు అంచున బండి ఆపుకొని నిలబడే నాయనల దగ్గరా తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటే. "అబ్బోడు బాగా ఆడతాడు సార్, పది మందితో కలిసి ఆడేది మాత్రం రాదు." దానికి మందుగా మ్యాచ్‌కు ముందు అందరినీ గుండ్రంగా నిలబెట్టి టీమ్ స్పిరిట్ గురించి పది నిమిషాలు చెబుతారు. నన్నడిగితే ఆ పది నిమిషాలూ దండగే. పన్నెండేళ్ళ పిల్లోడికి గెలవాలనే కసి ఉండడం రోగం కాదు, లేకపోతేనే కష్టం. ఆ కసి ఏ లెక్క వెంట పడుతోందనేదే చూడాలి. ఇంటికొచ్చాక "ఎన్ని పాయింట్లు తెచ్చినావురా?" అని అడిగితే పిల్లోడు పాయింట్ల వెంటే పోతాడు. "ఎంతమందిని లేపినావు?" అని నెల రోజులు అడిగి చూడండి.

ఒక లెక్క చూద్దాం. మన కోర్టులో నలుగురున్నారు, ముగ్గురు బయట కూర్చున్నారు. ఎదుటివాళ్ళు ఆరుగురు. ఆరుగురో ఏడుగురో ఉంటేనే బోనస్ దొరుకుతుంది కాబట్టి ఇప్పుడు బోనస్ ఉంది. మన రైడర్ పోయి, వెనక కాలు గాల్లో ఉంచి ముందు కాలు లైన్ దాటించి, బోనస్ తీసుకొని వచ్చాడు. స్కోరు ఒకటి పెరిగింది. కోర్టులో మనం ఇంకా నలుగురమే, వాళ్ళు ఆరుగురే. అదే రైడర్ బోనస్ వదిలేసి ఒక కార్నర్‌ని (మూలన నిలబడే డిఫెండర్‌ని) కాలితో తాకి వచ్చాడనుకోండి. స్కోరు అదే ఒకటి. కానీ మనం ఐదుగురం, వాళ్ళు ఐదుగురు. తర్వాతి రెండు మూడు రైడ్లలో ఆలౌట్ ఎవరికి పడుతుందో చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది. ఆలౌట్ అంటే ఎదుటివాళ్ళకు అదనంగా రెండు పాయింట్లు. బోనస్ తెచ్చిన పిల్లోడి ఖాతాలో పాయింటు పడింది, జట్టుకు రెండు పోయే దారి తెరుచుకుంది. వాడు స్వార్థంతో చేశాడని చెప్పలేం. ఎవరూ వాడికి ఈ తేడా లెక్క కట్టి చూపలేదు, అంతే.

అలాగని బోనస్ చెడ్డదేం కాదు. ఏడుగురూ లోపలే ఉన్నప్పుడు లేపాల్సినవాళ్ళు ఎవరూ ఉండరు, అప్పుడు బోనస్ పుణ్యానికి వచ్చిన పాయింటే. కాబట్టి పిల్లలకు నేర్పాల్సింది ఒక చిన్న అలవాటు. రైడ్‌కు పోయేముందు మిడ్ లైన్ దగ్గర ఒక్క క్షణం తల తిప్పి సిట్టింగ్ బ్లాక్ వైపు చూడాలి. ఎవరూ లేకపోతే బోనస్ చూసుకో. ఇద్దరో ముగ్గురో ఉంటే తాకు. ఈ చూపు అలవాటయ్యేదాకా ప్రాక్టీసులో ప్రతి రైడ్‌కు ముందు "బయట ఎందరు?" అని గట్టిగా అడిగి, పిల్లోడు అంకె చెప్పాకే రైడ్ మొదలుపెట్టించాలి. వారం పది రోజుల్లో అడగాల్సిన పని ఉండదు.

రివైవల్‌లో వరస కూడా ఉంది. ముందు అవుటైనవాడు ముందు లేస్తాడు. జట్టులో గొప్ప రైడర్ మూడో వాడిగా అవుటైతే, వాడికంటే ముందు కూర్చున్న ఇద్దరూ లేచాకే వాడి వంతు. ఆ ఇద్దర్నీ, తర్వాత వాణ్ణీ లేపాల్సింది లోపల మిగిలిన నలుగురు. పొద్దున వాడు ఎగతాళి చేసిన అబ్బోడు కూడా ఆ నలుగురిలో ఉండొచ్చు. ఈ నియమాన్ని బోర్డు మీద గీసి చెప్పకండి. ఆడించి చూపండి. పది నిమిషాల ఆట పెట్టండి. ఒక పక్క ఏడుగురు, రెండో పక్క నలుగురే లోపల, ముగ్గురు బయట. బయట ముగ్గురిలో మూడోవాడు జట్టులో పెద్ద రైడర్. బోనస్‌కు సున్నా. వాణ్ణి లోపలికి తెచ్చుకోవడమే నలుగురి పని. మొదటి రెండు మూడు రోజులు పెద్ద రైడర్ బయటినుంచి అరుస్తూనే ఉంటాడు, "ఆ కాలు తాకరా, ఆ కాలు!" అని. అరవనివ్వండి. ఆ అరుపుల్లో పనికొచ్చేవి చాలానే ఉంటాయి, వాడికి ఆట బాగా తెలుసు మరి. అవతలి వారం నలుగురిని మార్చండి, బయట కూర్చునేవాణ్ణి మాత్రం మార్చకండి.

స్కోరు పుస్తకం

అఫీషియల్ స్కోర్ షీట్‌లో పడే లెక్క జట్టుకు చాలదు. జట్టు కోసం వేరే పుస్తకం కావాలి. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు, మ్యాచ్‌కు ఒక పేజీ. పన్నెండు మంది పేర్లు పై నుంచి కిందికి, జెర్సీ నంబరుతో సహా. అడ్డంగా ఎనిమిది గళ్ళు: తాకినవి, బోనస్, లేపినవాళ్ళు, ఖాళీ రైడ్, మొదటి పట్టు, రెండో పట్టు (మొదటివాడికి తోడుగా వేసిన చెయ్యి), కేక, తొందర (తొందరపడి చేసిన తప్పు). తాకినవీ లేపినవాళ్ళూ వేరే ఎందుకంటే, బయట ఎవరూ లేనప్పుడు తాకితే పాయింటే కానీ లేపింది లేదు. రాసేది రిజర్వ్‌లో కూర్చున్న పిల్లలు. ఒకడు చూసి చెబుతాడు, ఒకడు గీతలు గీస్తాడు. దీనివల్ల ఇంకో లాభం ఉంది. బెంచి మీద కూర్చొని సెల్లు చూసుకునే పిల్లోడికి ఆట మీద కన్ను పడుతుంది, తన వంతు వచ్చినప్పుడు ఎదుటి కార్నర్ ఏ కాలు ముందుకు వేస్తాడో వాడికే బాగా తెలుస్తుంది.

మ్యాచ్ అయ్యాక చదివి వినిపించేటప్పుడు ఎవరి మొత్తం ఎంతో చదవొద్దు. ముందు రెండో పట్టు గడి చదవండి, తర్వాత లేపినవాళ్ళు. తాకినవీ బోనస్‌లూ చదవకుండా పుస్తకం మూసేసినా పరవాలేదు. అవి పిల్లలకు నోటికొచ్చే ఉంటాయి.

పుస్తకం పెట్టిన రెండో వారం నుంచే పిల్లలు దాన్ని కూడా మోసం చేయడం మొదలుపెడతారు. ఇది ఖాయం, కోప్పడక్కర్లేదు. రైడర్ అప్పటికే కింద పడి, ముగ్గురు మీద కూర్చున్నాక నాలుగోవాడు వచ్చి చెయ్యి వేసి "నాదీ రెండో పట్టే" అంటాడు. అందుకని నియమం ముందే పెట్టుకోవాలి. రైడర్ ఇంకా కాళ్ళ మీద నిలబడి ఉండగా తగిలిన చెయ్యే రెండో పట్టు. కేకల గడిలోనూ ఇదే తంతు. గీత పడుతుందని ముప్పై సెకన్లూ అరుస్తూనే ఉంటారు, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. సమాచారం ఉన్న కేకకే గీత: "బోనస్", "కాలు", "వదులు". "పట్టు పట్టు" అని అరిస్తే గీత లేదు. పట్టాలని అందరికీ తెలుసు.

ఖాళీ రైడ్‌కు, అంటే పాయింటు తేకుండా, అవుటూ కాకుండా తిరిగొచ్చిన రైడ్‌కు, గడి ఎందుకో కొందరికి అర్థం కాదు. చివరి రెండు నిమిషాల్లో మూడు పాయింట్లు ముందున్నాం అనుకోండి. రైడ్‌కు 30 సెకన్లు, అంటే మొత్తం నాలుగు రైడ్లు, అందులో మనవి రెండు. బాక్ లైన్ (రైడర్ దాటి తీరాల్సిన గీత) దాటి, ఎవరికీ దొరక్కుండా, 28వ సెకను దాకా నిలబడి తిరిగొచ్చేవాడు ఆ రెండు రైడ్లలో జట్టుకు నిమిషం సంపాదించి పెట్టాడు. పిల్లలకు ఇదే అన్నింటికంటే కష్టం. చేతికందేంత దగ్గర్లో కార్నర్ కనిపిస్తుంటే తాకకుండా రావడం అవమానంలా ఉంటుంది వాళ్ళకు. పట్టుబడితే మ్యాచ్ తలకిందులు. అందుకే ముందంజలో ఉన్నప్పుడు చేసిన ఖాళీ రైడ్‌ను గీతగా కాకుండా సున్నా చుట్టి గుర్తుపెట్టండి, చదివేటప్పుడు ఆ సున్నాల్ని కూడా పేరుతో చదవండి. వెనకబడి ఉన్నప్పుడు చేసినదానికి మామూలు గీత. బాక్ లైన్ దాటకుండా, ఎవర్నీ తాకకుండా వెనక్కొస్తే రైడరే అవుట్ అని మాత్రం పిల్లలకు మళ్ళీ మళ్ళీ చెప్పాలి. అలసిపోయినప్పుడు మర్చిపోయేది సరిగ్గా ఇదే.

రెండో చెయ్యి ఎందుకు రాదు

డిఫెన్స్‌లో కథ వేరు. ఇక్కడ పిల్లల్ని విడదీసేది పాయింట్ల ఆశ కంటే భయం. పట్టు తప్పిపోయి రైడర్ మిడ్ లైన్ అందుకుంటే, వాణ్ణి ముట్టుకున్న ప్రతివాడూ అవుట్. కార్నర్ ఒక్కడే మడమ పట్టుకొని తప్పిపోతే ఒక పాయింటు పోతుంది. వాడికి లోపలివైపు నిలబడే కవర్ కూడా వచ్చి చెయ్యి వేశాక తప్పిపోతే రెండు. పిల్లోడి బుర్ర దీన్ని చాలా వేగంగా లెక్క కడుతుంది: "వాడు పట్టినాడు, వాడే చూసుకుంటాడు. నేను పోయి నేనూ అవుట్ కావడం ఎందుకు?" బయటినుంచి చూసేవాళ్ళకు అది జట్టు మీద ప్రేమ లేకపోవడంలా కనిపిస్తుంది. తిట్లు కూడా వాడికే పడతాయి. తర్వాతి మ్యాచ్‌లో వాడు తిట్లకు భయపడి ఆలస్యంగా దూకుతాడు. ఆలస్యంగా వచ్చిన రెండో చెయ్యి రానిదానికంటే ఎక్కువ నష్టం.

కాబట్టి ఎప్పుడు పోవాలో, ఎప్పుడు ఆగాలో దూరంతో సహా చెప్పాలి. మగవాళ్ళ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మిడ్ లైన్ నుంచి 3.75 మీటర్లకు బాక్ లైన్, ఇంకో మీటరు అవతల బోనస్ లైన్. ఆడవాళ్ళ కోర్టు 12 మీటర్లకు 8, అందులో బాక్ లైన్ 3 మీటర్లకు, బోనస్ లైన్ 4 మీటర్లకు. పట్టు పడినప్పుడు రైడర్ కాళ్ళు రెండూ బాక్ లైన్ అవతలే, అంటే మన ఎండ్ లైన్ వైపే ఉంటే, కవర్ ఆలోచించకుండా పోవాలి. రైడర్ ముందుకు పడి చెయ్యి చాచితే మిడ్ లైన్ అందేంత దగ్గర్లో, సుమారు మీటరున్నర లోపల ఉంటే, ఇంక ఎవరూ ముట్టుకోకూడదు. మధ్యలో ఉన్న భాగం కేకకు వదిలేయాలి. ఆ కేక సెంటర్‌లో నిలబడ్డవాడిది. వాడు "పో" అంటే అందరూ పోవాలి, "వదులు" అంటే అందరూ ఆగాలి. కేక తప్పైతే మాట పడాల్సింది కేక వేసినవాడు, పోయినవాడు కాదు. నేనైతే కేక వేసినవాణ్ణి కూడా ఏమీ అనను. వాణ్ణి ఒకసారి తిడితే ఆ నోరు మళ్ళీ లేవదు.

దీనికి కసరత్తు ఇలా ఉంటుంది. సగం కోర్టు, సున్నంతో గీతలు కొట్టి ఉండాలి. రైడర్ ఒకడు, కార్నర్ ఒకడు, కవర్ ఒకడు. మొదటి వారం రైడర్ తనంతట తానే కాలు ఇస్తాడు, నడక వేగమే. కార్నర్ మడమ పట్టిన క్షణాన కోచ్ "ఒకటి" అంటాడు, ఆ మాట పూర్తయ్యేలోగా కవర్ చెయ్యి రైడర్ నడుం మీదో తొడ మీదో ఉండాలి. ఎనిమిది రైడ్లు, తర్వాత స్థానాలు మార్పు, అలా మూడు విడతలు. రెండో వారం సగం వేగం. మూడో వారం రైడర్ నిజంగా తప్పించుకోవాలి. ఇక్కడ ఎక్కువగా జరిగే ప్రమాదం తలలు ఢీకొనడం. ఇద్దరూ ఒకే కాలి మీదికి వంగితే నుదుళ్ళు పగులుతాయి. అందుకే కార్నర్ వెనకనుంచి మడమకు, కవర్ లోపలి వైపునుంచి నడుముకు. ఒకడి తల రైడర్‌కు కుడి పక్కన ఉంటే ఇంకొకడిది ఎడమ పక్కన. అండర్-14 పిల్లలకు ప్రాక్టీసులో డ్యాష్ (రైడర్‌ని ఒంటితో గుద్ది బయటికి తోయడం) వద్దే వద్దు. కోర్టు బయటికి తోసేటప్పుడు మోకాలు మెలిక పడితే ఆ పిల్లోడికి సీజన్ అయిపోయినట్టే.

ఇద్దరు డిఫెండర్లు చేతులు కలిపి రైడర్‌ని ఆపే గొలుసు పట్టు నేర్పేటప్పుడు చాలామంది చేతులు గట్టిగా పట్టుకోమంటారు. గట్టిగా కాదు, వేళ్ళు కొక్కెంలా వంచి పట్టుకోవాలి. రైడర్ దూసుకొచ్చి గొలుసు మధ్యలో పడ్డప్పుడు మణికట్టు మెలిక పడకుండా వదిలే వీలుండాలి. గొలుసులో ఇద్దరూ ఒకే ఎత్తులో ఉంటే మంచిది. అండర్-14లో పిల్లల ఎత్తులు నెల నెలకూ మారిపోతుంటాయి కాబట్టి జంటల్ని నెలకోసారి మళ్ళీ చూసుకోవాలి. స్నేహితుల్నే జంటగా పెట్టడం తేలిక, కానీ మొదట్లో మాట్లాడుకోని ఇద్దర్ని పెడితే కేకలు త్వరగా వస్తాయి. మాట్లాడుకోకపోతే గొలుసు పనిచేయదు మరి.

1990 నుంచి 2014 దాకా ఆసియా క్రీడల్లో మన పురుషుల కబడ్డీ జట్టు ప్రతిసారీ స్వర్ణమే తెచ్చింది. 2018లో జకార్తాలో సెమీఫైనల్లో ఇరాన్ చేతిలో 18–27తో ఓడింది. మనవైపు పేరున్న రైడర్లకు కొదవ లేదు, పాయింట్లు మాత్రం 18 దగ్గరే ఆగిపోయాయి. రైడింగే కబడ్డీ అనుకునే పిల్లలకు ఆ మ్యాచ్ వీడియో ఒకసారి చూపించండి. రైడర్‌ని చూడొద్దు, మొదటి చెయ్యి పడ్డాక మిగతావాళ్ళు ఎంతసేపట్లో వస్తున్నారో చూడమనండి.

ఖోఖోలో ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉంటుంది. ఎనిమిది మంది గళ్ళలో ఒకడు ఇటు, పక్కవాడు అటు ముఖం పెట్టి కూర్చుంటారు, ఒకడు తరుముతాడు. తరిమేవాడికి రన్నర్ రెండడుగుల దూరంలో కనిపించేసరికి తనే తాకాలనిపిస్తుంది. ఖో ఇవ్వడు. రెండు గళ్ళు దాటి పోతాడు. రన్నర్ అటునుంచి ఇటు తిరిగాడంటే తరిమేవాడు దిక్కు మార్చలేడు, అంత దూరం పరుగూ వృథా. పుస్తకంలో ఒక అవుట్‌కు రెండు పేర్లు రాయండి. తాకినవాడిది, వాడికి ఖో ఇచ్చినవాడిది. ఖో ఇవ్వాల్సిన గడి దాటిపోయిన ప్రతిసారీ ఒక గుర్తు. అటు పరిగెత్తే ముగ్గురిలోనూ ఒకడుంటాడు, తన పేరు మీద ఎక్కువ సమయం పడాలని తరిమేవాణ్ణి తన వెనకే తిప్పుకుంటూ అలసిపోయేదాకా ఉండేవాడు. ఊపిరి అందకముందే తరిమేవాణ్ణి పక్కవాడికి అప్పగించి గీత చివరికి పోయి నిలబడడం నేర్పాలి. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్‌లో మన పురుషులూ మహిళలూ ఇద్దరూ గెలిచాక పల్లెల్లో ఖోఖోకు మళ్ళీ కాస్త గిరాకీ వచ్చింది, మంచిదే.

సెలెక్షన్లు, సర్టిఫికెట్లు

పిల్లోడు సొంత పాయింట్ల కోసం ఆడతాడని తిట్టేముందు వాడు ఎందుకలా ఆడతాడో ఒప్పుకోవాలి. స్కూల్ గేమ్స్‌లో మండలం, జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయి అంటూ మెట్లున్నాయి. ప్రతి మెట్టు మీదా జట్టు మొత్తం పైకి పోదు, ఎంపికైన పిల్లలు మాత్రమే పోతారు. పైమెట్టు సర్టిఫికెట్ స్పోర్ట్స్ కోటాలో సీటుకు పనికొస్తుంది. అంటే ఆట ఏడుగురిది, ఎంపిక ఒక్కడిది. ట్రయల్స్‌లో ఒక్కో పిల్లోడికి దక్కేది నాలుగైదు రైడ్లు. అందులో తోటివాళ్ళను లేపే ఆట ఆడమంటే వాడి నాయనకు కోపం వస్తుంది, ఆ కోపం అర్థంలేనిదేం కాదు.

కాబట్టి మార్చాల్సింది ట్రయల్ పద్ధతి. వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి చేత రైడ్లు చేయిస్తే రైడర్లే దొరుకుతారు, డిఫెండర్లు దొరకరు. ఏడుగురూ ఏడుగురుగా ఐదు నిమిషాల ఆటలు పెట్టాలి. ప్రతి ఆటకూ జట్లు కలిపేయాలి, ప్రతి పిల్లోణ్ణీ కనీసం ఒకసారి కార్నర్‌లో, ఒకసారి కవర్‌లో నిలబెట్టాలి. చూసేవాళ్ళు ఇద్దరుంటే ఒకరు బంతి వెంట పోయినట్టు రైడర్ వెంట కళ్ళు పోనివ్వకుండా, డిఫెన్స్‌లో చెయ్యి పడని ఐదుగురినే చూడాలి. ఎవడు తన స్థానంలోకి జరిగాడు, ఎవడు నోరు తెరిచాడు, ఎవడు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఏ జట్టులో వేసినా ఆ జట్టు గెలుస్తున్న పిల్లోడు ఒకడు కనిపిస్తాడు, వాడి పేరు మీద పాయింట్లు తక్కువే ఉండొచ్చు. ట్రయల్‌కు పోయే పిల్లలకు చెప్పాల్సిందీ ఇదే: మొదటి రెండు రైడ్లలో కనపడు, తర్వాత రెండో చెయ్యివై కనపడు. రైడర్లు ఇరవై మంది వస్తారు, మంచి కవర్లు ముగ్గురో నలుగురో వస్తారు.

జిల్లా జట్టు ఎంపికయ్యాక అసలు తలనొప్పి. పన్నెండు మందిలో ఏడెనిమిది మంది తమ తమ స్కూల్లో మొదటి రైడర్లే. శ్రీకాళహస్తివాడికి చంద్రగిరివాడి పేరు తెలియదు. ఇంకో సమస్య కేకలది. సత్యవేడు, నగరి వైపు పిల్లలు ఆవేశంలో తమిళంలో అరుస్తారు, కుప్పం పిల్లల నోట కన్నడం కూడా దొర్లుతుంది. ఒకడు "వదులు" అంటే ఇంకొకడు "విడు" అంటాడు, మూడోవాడికి రెండూ అందవు. క్యాంపు మొదటి రోజు పొద్దున చేయాల్సిన మొదటి పని రైడ్లు కాదు, నాలుగు కేకలు ఖాయం చేసి రాసి గోడకు అంటించడం. రెండో పని రైడ్ల వరస ప్రకటించడం. మొదటి రైడర్, రెండో రైడర్, మూడో రైడర్ అని ముగ్గురి పేర్లు, మిగతావాళ్ళు ఈ మ్యాచ్‌కు డిఫెండర్లు. దీన్ని గుసగుసగా చెబితే రాత్రికి గదిలో గొడవలవుతాయి. అందరి ముందూ, కారణంతో సహా చెప్పాలి. 2023 డిసెంబరు 26న మొదలైన ప్రభుత్వ పోటీలు 'ఆడుదాం ఆంధ్రా'లో సచివాలయాల వారీగా జట్లు కట్టినప్పుడు కూడా కబడ్డీలో, ఖోఖోలో కావలసింది ఇదే. కలిసి ఆడని మనుషుల్ని జట్టు చేసేటప్పుడు ముందు మాటలు కుదరాలి, ఆట తర్వాత.

కెప్టెన్‌గా ఎక్కువగా పెద్ద రైడర్‌నే పెడతారు. నాకు అది నచ్చదు. రైడర్ మ్యాచ్‌లో చాలాసేపు బయటే కూర్చుంటాడు, కెప్టెన్ బయట ఉంటే లోపల చెప్పేవాడుండడు. సెంటర్‌లోనో కవర్‌లోనో ఆడేవాణ్ణి పెట్టండి. నోరున్నవాణ్ణి పెట్టండి. పాయింట్లతో పని లేదు.

బరువు గురించి ఒక్క మాట. వయసుతో పాటు బరువు హద్దు కూడా ఉంటుంది కాబట్టి, సెలెక్షన్ ముందు వారం కొందరు పిల్లలు రాత్రి తిండి మానేసి, నీళ్ళు కూడా తాగకుండా ఎండలో పరుగెత్తుతారు. తన చోటు పక్కవాడికి పోతుందన్న భయం అది. బరువు సరిపోతుంది, మ్యాచ్ మొదటి సగంలోనే కళ్ళు తిరుగుతాయి, జట్టు ఒక మనిషి తక్కువతో ఆడుతుంది. నెల ముందునుంచే వారానికోసారి, అదే కాటా మీద, పొద్దున్నే తూచి పుస్తకంలో రాయండి. వారం ముందు రెండు కిలోలు ఎక్కువుంటే ఆ వయసు విభాగం మర్చిపోయి పై విభాగం చూసుకోమనండి. ప్రాక్టీసు అయ్యాక ఉడకబెట్టిన చెనక్కాయలూ రెండు అరటిపండ్లూ, ఇంటికి పోయి సంగటి. పెరిగే పిల్లల కడుపు మాడ్చొద్దు.

ప్రాక్టీసు వేళ కూడా స్వభావాన్ని మారుస్తుంది. మా వైపు ఎండలు తెలిసినవే కదా, మే నెల క్యాంపుల్లో ఆరు గంటలకు మొదలుపెట్టి ఏడున్నరకల్లా ముగించాలి. ఆ గంటన్నరలో వేడెక్కడానికి పదిహేను నిమిషాలు, తర్వాత వెంటనే రెండో చెయ్యి కసరత్తు, గొలుసు. ఒంటరి రైడింగ్ కసరత్తులు చివర్లో. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. అలసిపోయిన పిల్లలు ఒకరినొకరు తిట్టుకుంటారు, కలిసి చేసే పనిని అప్పుడు పెడితే గొడవలే మిగులుతాయి. అక్టోబరు, నవంబరు వానల్లో గ్రౌండు బురదైతే డిఫెన్స్ ఆపేసి, వరండాలో కేకలు, అడుగులు చేయించండి. తడి నేల మీద మడమ పట్టుకు చీలమండలు పోతాయి.

సంక్రాంతి టోర్నమెంట్లు పెట్టేవాళ్ళకో విన్నపం. బెస్ట్ రైడర్, బెస్ట్ క్యాచర్ అని ఇచ్చే కప్పుల పక్కన ఇంకో కప్పు పెట్టండి, ఎక్కువమందిని లేపినవాడికి. రాసేవాళ్ళు కావాలి, అంతే ఖర్చు. నగదు బహుమతి పన్నెండు మందికీ సమానంగా పంచాలని టోర్నమెంటుకు ముందే జట్టు అంతా కాగితం మీద సంతకాలు పెట్టుకోవాలి, బరిలోకి దిగని రిజర్వ్ పిల్లలతో సహా. గెలిచాక ఆ మాట మొదలుపెడితే స్నేహాలు పోతాయి.

ఇన్ని చేసినా మారని పిల్లోడు జట్టుకొకడు ఉంటాడు. వాణ్ణి సీజన్ అంతా బెంచి మీద కూర్చోబెట్టడం పనికిరాదు, కసి ఉన్న పిల్లోడు వేరే స్కూలుకు పోతాడు, లేదా ఆట మానేస్తాడు. మూడో రైడర్‌గా వాడండి. ఏడుగురూ లోపలుండి లేపేవాళ్ళు లేనప్పుడు వాణ్ణి పంపండి, బోనస్ తెచ్చుకోనివ్వండి. బయట ముగ్గురు కూర్చున్నప్పుడు వేరేవాణ్ణి పంపండి. ఎందుకు పంపలేదని అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. అప్పుడు పుస్తకం తెరిచి వాడి పేరు పక్కన "లేపినవాళ్ళు" గడి చూపించండి. తిట్టొద్దు, వివరించొద్దు. పెన్ను వాడి చేతికిచ్చి, ఆ మ్యాచ్ మిగతా సగం వాడి చేతే రాయించండి.